సాంచా ఆగినా, గేమ్ ఆగినా...
(కంప్యూటర్ ఆటలు ఎందుకు నెమ్మదిస్తాయి, ఎందుకు ఆగిపోతాయి – ఒక చిన్న చరిత్ర)



మన ధామన్కర్ నాకా చుట్టుపక్కల రెండు మాటలు రోజూ వినిపిస్తాయి. కార్ఖానాల్లో పెద్దలు "సాంచా ఆగిపోయింది" అంటారు. ఇళ్ళల్లో పిల్లలు "గేమ్ ఆగిపోయింది" అంటారు. మొదటి మాట వినగానే జాబర్‌ను పిలుస్తారు. ఆయన వచ్చి, చెవి పెట్టి విని, చెయ్యి పెట్టి చూసి, ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకొని సరిచేసి పోతాడు. రెండో మాట వినగానే మాత్రం "ఆటలాడి ఆడి కంప్యూటర్ ఖరాబు చేసినవ్" అని తిట్లు పడతాయి. సాంచా ఆగితే సాంచాను చూస్తారు. కంప్యూటర్ ఆగితే పిల్లవాణ్ణి చూస్తారు!

ఇది నవ్వుకోవడానికి చెప్పిన మాట కాదు. మన ఇళ్ళల్లో కంప్యూటర్ ఊరికే రాదు. మీటర్ల లెక్కన కూలి తీసుకునే ఇంట్లో, పండుగ ఖర్చు తగ్గించుకొని, చిట్టీ ఎత్తుకొని కొంటారు. అది నెమ్మదిస్తే "పాడైంది" అని మూల పెడతారు, లేదా మళ్ళీ అప్పు చేసి కొత్తది కొంటారు. ఆటతోపాటు చదువు కూడా అక్కడే ఆగుతుంది. అందుకే నిజంగా తప్పు ఎవరిది, ఆటదా, యంత్రానిదా, మనదా అని తెలుసుకోవాలి. దానికి చరిత్ర చదవాలి. ఈ చరిత్ర మొదలయ్యేది మనకు బాగా తెలిసిన చోటే, మగ్గం దగ్గర.

మగ్గమే కంప్యూటర్‌కు తాత

ఫ్రాన్సు దేశంలోని లియాన్ పట్టణంలో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో ఒక మగ్గం తయారుచేశాడు. రంధ్రాలు పొడిచిన అట్టలను వరుసగా కుట్టి మగ్గం మీద పెట్టేవాడు. రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు మారిస్తే డిజైన్ మారుతుంది. ఇప్పటికీ మన నేతగాళ్ళు "జకార్డ్", "అట్టలు" అనే మాటలు వాడుతూనే ఉన్నారు. అది ఒక మనిషి పేరని మనలో చాలామందికి తెలియదు.

ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ ఈ అట్టలను చూసి, పోగులను నడిపించినట్టే అంకెలను కూడా నడిపించవచ్చు కదా అని ఆలోచించాడు. 1830లలో "అనలిటికల్ ఇంజన్" అనే లెక్కల యంత్రానికి నమూనా గీశాడు. అది పూర్తిగా తయారు కాలేదు గాని, నేటి కంప్యూటర్‌కు మూలం అదే. సుమారు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జకార్డ్ బొమ్మ ఒకటి బాబేజ్ దగ్గర ఉండేది. అంటే కంప్యూటర్‌కు మగ్గం చుట్టం కాదు, సొంత తాత.

ఇంకో నేత యంత్రం సంగతి కూడా చెప్పుకోవాలి. జపాన్‌లో సకిచి టయోడా 1924లో "టైప్ జి" అనే ఆటోమేటిక్ మగ్గం తెచ్చాడు. పడుగు పోగు తెగితే ఆ మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. ఎందుకు ఆగాలి? ఆగకుండా నడిస్తే గజాల కొద్దీ గుడ్డ పాడవుతుంది కాబట్టి. 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ దాని హక్కులు కొనుక్కుంది. ఆయన కొడుకు కిచిరో మొదలుపెట్టిన కార్ల కంపెనీయే నేటి టయోటా.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆగిపోవడం ఎప్పుడూ చెడ్డది కాదు. పెద్ద నష్టం జరగకముందే యంత్రం మనకు చేసే హెచ్చరిక అది. కంప్యూటర్‌లో "ప్రోగ్రామ్ మూసివేయబడింది" అని వచ్చే మాట కూడా చాలాసార్లు అలాంటి హెచ్చరికే.

పురుగు దొరికిన రోజు

1947 సెప్టెంబర్ 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్-2 అనే పెద్ద కంప్యూటర్ సరిగా పనిచేయలేదు. పనివాళ్ళు ఒక్కో రిలే వెతుక్కుంటూ పోతే, ఒకదాంట్లో రెక్కల పురుగు ఇరుక్కొని ఉంది. దాన్ని తీసి రిజిస్టర్ పుస్తకంలో టేపుతో అంటించి, నిజంగా పురుగు దొరికిన మొదటి కేసు ఇదేనని రాసి పెట్టారు. ఆ పేజీ ఇప్పటికీ అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. యంత్రంలో వచ్చే లోపాన్ని "బగ్" అనడం అంతకుముందే ఉంది, ఎడిసన్ కూడా ఆ మాట వాడాడు. కానీ ఈ సంఘటనతో ఆ మాట కంప్యూటర్ వాళ్ళ నోట స్థిరపడింది.

ఆ పనివాళ్ళు యంత్రాన్ని తిట్టలేదు, ఒకరినొకరు నిందించుకోలేదు. ఎక్కడ తప్పుందో వెతికారు, దొరికినదాన్ని రాసిపెట్టారు. రిపేరు పనికి ఈ రెండూ ముఖ్యమే.

చంద్రుడి దగ్గర వచ్చిన అలారం

1969 జూలై 20న అపోలో-11 నౌక చంద్రుడి మీద దిగుతుండగా కంప్యూటర్ "1202" అనే అలారం ఇచ్చింది. చేయాల్సిన పని మరీ ఎక్కువైంది, సమయం చాలడం లేదని దాని అర్థం. అప్పుడు అవసరం లేని ఒక రాడార్ నుంచి సంకేతాలు వచ్చిపడి కంప్యూటర్ సమయాన్ని తినేస్తున్నాయి. మన కంప్యూటర్‌లో వెనకాల పది ప్రోగ్రాములు తెరిచిపెట్టి ఆట మొదలుపెట్టినట్టే అనుకోండి.

కానీ మార్గరెట్ హామిల్టన్, హాల్ లానింగ్ వంటి ఇంజనీర్లు ఆ ప్రోగ్రామును ముందుచూపుతో రాశారు. భారం ఎక్కువైతే అది తనను తాను మళ్ళీ మొదలుపెట్టుకొని, తక్కువ ముఖ్యమైన పనులు వదిలేసి, దిగడానికి కావలసిన పనులు మాత్రమే చేస్తుంది. అలా చేసి నౌకను క్షేమంగా దింపింది. ఇంకో ముచ్చట ఏమిటంటే, ఆ కంప్యూటర్ మెమరీని ఫ్యాక్టరీలో మహిళలు చేత్తో నేశారు! చిన్న ఇనుప చుట్టలోంచి తీగ పోతే 1, పక్కనుంచి పోతే 0. చంద్రుడి మీదికి పోయిన ప్రోగ్రాము కూడా నేత పనే.

నెమ్మదే ఆటగా మారిన వేళ

1978లో జపాన్‌లో తొమోహిరో నిషికాడో "స్పేస్ ఇన్‌వేడర్స్" అనే ఆట తయారుచేశాడు. తెర మీద 55 శత్రువులు వరుసలుగా దిగివస్తారు. అందరినీ గీయడం, కదిలించడం అప్పటి చిన్న ప్రాసెసర్‌కు కష్టమై ఆట నెమ్మదిగా నడిచేది. శత్రువులు చస్తున్న కొద్దీ భారం తగ్గి, మిగిలినవాళ్ళు వేగంగా కదిలేవారు. నిషికాడో దాన్ని సరిచేయలేదు, అలాగే ఉంచాడు. దానివల్ల చివరికి వచ్చేసరికి ఆటలో ఉత్కంఠ పెరిగింది. లోపమే అందమైంది.

1980లో వచ్చిన "ప్యాక్‌మ్యాన్" కథ వేరు. అందులో లెవల్ సంఖ్య దాచుకోవడానికి ఎనిమిది బిట్ల చోటు మాత్రమే ఇచ్చారు. ఎనిమిది బిట్లలో 0 నుంచి 255 దాకానే పడతాయి. ఎవరైనా 256వ లెవల్ దాకా పోతే లెక్క తప్పి తెరలో కుడి సగం చెత్త అక్షరాలతో నిండిపోయేది. అంతదూరం ఎవరూ ఆడరులే అనుకున్నారేమో, ఆడేవాళ్ళు ఆడనే ఆడారు. ఇక్కడ తప్పు ఆడినవాడిది కాదు, యంత్రానిదీ కాదు. రాసిన ప్రోగ్రాములోనే ఉంది.

టర్బో బటన్, 640 కేబీ

1981లో వచ్చిన ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. చాలా ఆటలను ఆ వేగం చూసుకొనే రాశారు. తర్వాత వేగమైన కంప్యూటర్లు వచ్చేసరికి ఆ ఆటలు పిచ్చి పరుగు తీశాయి, ఆడటం ఎవరి వల్లా కాలేదు. అందుకే కంప్యూటర్ డబ్బా మీద "టర్బో" అనే బటన్ పెట్టారు. పేరు టర్బో గాని, దాని అసలు పని అవసరమైనప్పుడు కంప్యూటర్‌ను నెమ్మది చేయడం!

మెమరీది ఇంకో గోస. డాస్ కాలంలో మామూలు ప్రోగ్రాములకు 640 కిలోబైట్ల జాగానే ఉండేది. మౌస్‌కు కొంత, సౌండ్‌కు కొంత, సీడీకి కొంత పోతే ఆటకు మిగిలేది చాలకపోయేది. ఆటగాళ్ళు రెండు ఫైళ్ళు తెరిచి, ఏది ముందు ఎక్కాలి, ఏది ఎక్కకూడదు అని ఒక్కో వరుసా మార్చి చూసుకునేవారు. 1993 డిసెంబర్‌లో "డూమ్" వచ్చినప్పుడు, కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే ఆట కనిపించే కిటికీని చిన్నది చేసుకొనే వీలు అందులోనే ఇచ్చారు. చిత్రం చిన్నదైతే పని తగ్గి వేగం పెరుగుతుంది. ఈ రోజు మనం సెట్టింగ్స్‌లో "లో" అని పెట్టుకునేది ఆ ఉపాయమే.

1994 క్రిస్మస్‌కు ఏం జరిగింది?

ఆ సంవత్సరం "లయన్ కింగ్" సినిమా పేరుతో పిల్లల ఆట ఒకటి అమెరికాలో అమ్మారు. పండుగ రోజు పిల్లలు సంతోషంగా డిస్కు పెడితే చాలా ఇళ్ళల్లో తెర ఆగిపోయింది. ఎందుకంటే కొత్తగా అమ్ముడైన కొన్ని కంప్యూటర్లలో ఉన్న వీడియో డ్రైవర్‌తో ఆ ఆటను ముందుగా పరీక్షించలేదు. డ్రైవర్ అంటే ఆటకూ యంత్రానికీ మధ్య దుబాసీ లాంటిది. దుబాసీకి మాట అర్థం కాకపోతే ఇద్దరు మంచివాళ్ళ మధ్య కూడా గొడవే. తల్లిదండ్రులు తయారీదారులకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఈ దెబ్బ తర్వాత, ఆటలన్నీ ఒకే పద్ధతిలో యంత్రంతో మాట్లాడేలా 1995 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ "డైరెక్ట్‌ఎక్స్" విడుదల చేసింది. ఇప్పుడు మనం ఆట ఎక్కిస్తుంటే "డైరెక్ట్‌ఎక్స్ కావాలి" అని అడిగేది దీన్నే. 1999లో జీఫోర్స్-256 వచ్చాక "జీపీయూ" అనే మాట ప్రచారంలోకి వచ్చింది. అప్పటి నుంచి బొమ్మలు గీసే పని ఎక్కువగా దానికే అప్పగించారు.

వేడి – అందరూ మరచిపోయే శత్రువు

2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే పరీక్షకుల బృందం ఒక ప్రయోగం చేసి వీడియో తీసింది. "క్వేక్-3" ఆట నడుస్తుండగానే ప్రాసెసర్ మీద చల్లబరిచే దిమ్మెను పీకేశారు. పెంటియం-4 వేగం తగ్గించుకొని, ఆట ముక్కలు ముక్కలుగా నడిచినా బతికిపోయింది. పెంటియం-3 ఆగిపోయింది గాని చెడిపోలేదు. ఏఎండీ అథ్లాన్ చిప్పు మాత్రం కాలిపోయింది. వేడెక్కితే నెమ్మదించడం, ఇంకా వేడెక్కితే ఆగిపోవడం, ఆ రెండూ తెలియకపోతే కాలిపోవడం. సకిచి టయోడా మగ్గానికి నేర్పిన పాఠమే ఇది. తర్వాత వచ్చిన ప్రాసెసర్లన్నీ ఈ పాఠం నేర్చుకున్నాయి. కాబట్టి ఆడుతుంటే నెమ్మదించే కంప్యూటర్ చెడిపోయిందని అనుకోవద్దు. తనను తాను కాపాడుకుంటోంది.

మన భివండి సంగతి

మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి బతుకుదెరువుకు ఇక్కడికి వచ్చారు. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక భివండిలో సాంచాల పని ఇంకా పెరిగింది. ఇల్లు, కార్ఖానా పక్కపక్కనే. గాలిలో ఎప్పుడూ దూది నూగు తిరుగుతుంటుంది. అది కిటికీ చువ్వల మీద, ఫ్యాన్ రెక్కల మీద పేరుకోవడం అందరం చూస్తాం. కంప్యూటర్ లోపల కూడా ఒక చిన్న ఫ్యాన్ ఉందనీ, అదే నూగు అక్కడ కూడా చేరుతుందనీ మాత్రం ఆలోచించం. బొంబాయిలో ఏసీ గదిలో ఉన్న కంప్యూటర్‌కు ఏడాదికి పట్టే మురికి మన దగ్గర చాలా ముందే పడుతుంది.

రెండోది కరెంటు. లోడ్ షెడ్డింగ్ రోజుల గురించి పెద్దలను అడిగితే కథలు కథలుగా చెబుతారు. 2007 జనవరిలో భివండి కరెంటు పంపిణీ టోరెంట్ పవర్‌కు అప్పగించారు. అయినా ఒకే లైను మీద ఎన్నో మోటర్లు నడిచే ఊరు ఇది. వోల్టేజీ ఒక్కసారి పడిలేస్తే సాంచా తట్టుకుంటుంది, కంప్యూటర్ తట్టుకోలేదు. రాస్తూ ఉండగా కరెంటు పోతే హార్డ్ డిస్కులో ఫైళ్ళు సగంలో తెగిపోతాయి. మరుసటి రోజు ఆట తెరుచుకోకపోతే "ఆట చెడిపోయింది" అంటాం. నిజానికి తెగింది పోగు, గుడ్డ కాదు. మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే ఆ బాధ కూడా ఉండదు.

మూడోది ఫోన్లు. మనలో చాలామంది ఆడేది ఫోన్‌లోనే. పబ్‌జీ ఆటకు మెమరీ తక్కువ ఉన్న ఫోన్ల కోసం "లైట్" రకం 2019లో మన దేశానికి వచ్చింది. 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఆ ఆటను నిషేధించింది. ఆ తర్వాత కొందరు ఎక్కడెక్కడి నుంచో దొంగ ఫైళ్ళు దించుకున్నారు. అలాంటి ఫైళ్ళతో వచ్చే వైరస్ మాత్రం నిజంగానే ఫోన్‌ను పాడుచేస్తుంది. పెద్దల తిట్లలో నిజం ఉన్న చోటు ఇదొక్కటే. ఛార్జింగ్ పెట్టి, పరుపు మీద ఉంచి ఆడినా ఫోన్ వేడెక్కి నెమ్మదిస్తుంది.

ఒక ఆటగాడి ఓపిక

"జీటీఏ ఆన్‌లైన్" పెద్దల కోసం చేసిన ఆట, మనం ఆడేది కాదు. కానీ దాని కథ మనం తెలుసుకోవాలి. 2013లో వచ్చిన ఆ ఆట తెరుచుకోవడానికే చాలా నిమిషాలు పట్టేది. ఏళ్ళ తరబడి అందరూ "నా కంప్యూటరే పాతది" అనుకున్నారు. 2021లో ఒక ఆటగాడు ఓపికగా కూర్చొని, ఆ ఆరు నిమిషాల్లో కంప్యూటర్ ఏం చేస్తోందో గమనించాడు. 10 మెగాబైట్ల వస్తువుల జాబితాను ప్రోగ్రాము చదువుతోంది. అందులో సుమారు 63,000 వస్తువులు. ఒక్కో ముక్క చదవడానికి ముందు, మిగిలిన జాబితా ఎంత పొడవుందో మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతోంది! ఒక్కో కండె తీసే ముందు గోదాంలో ఉన్న కండెలన్నీ లెక్కపెడితే పని ఎప్పటికి అవుతుంది? ఆ లోపం సరిచేస్తే సమయం దాదాపు 70 శాతం తగ్గింది. కంపెనీ అతనికి 10,000 డాలర్ల బహుమతి ఇచ్చి, మార్చి నెలలో ఆటను సరిచేసింది. ఎంతోమంది కొత్త కంప్యూటర్లు కొన్నా పోని రోగం ఒక్కరి ప్రశ్నతో పోయింది.

అయిదు "ఎందుకు"లు

సకిచి టయోడా నుంచి వచ్చిందని టయోటా వాళ్ళు చెప్పే పద్ధతి ఒకటుంది. ఏదైనా చెడితే "ఎందుకు?" అని అయిదుసార్లు అడగాలి. మన ఇంటి లెక్కకు పెట్టి చూద్దాం.

ఆట ఇరవై నిమిషాలకు నెమ్మదిస్తోంది. ఎందుకు? – ప్రాసెసర్ వేగం తగ్గించుకుంది.
ఎందుకు? – బాగా వేడెక్కింది.
ఎందుకు? – ఫ్యాన్ గాలి అందడం లేదు.
ఎందుకు? – జాలీలో దూది నూగు నిండిపోయింది.
ఎందుకు? – డబ్బాను కార్ఖానా వైపు కిటికీ కింద, నేల మీద పెట్టాం. ఎప్పుడూ తుడవలేదు.

మొదటి జవాబు దగ్గరే ఆగితే కొత్త కంప్యూటర్ కొంటాం. అయిదో జవాబు దాకా పోతే మెత్తని బ్రష్ కొంటాం. తేడా ఎన్ని వేల రూపాయలో మీరే లెక్క వేసుకోండి.

ఇంకా కొన్ని సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు:

1. ముందు అడగాల్సింది "ఎప్పటి నుంచి?" అని. కొత్త ఆట ఎక్కించాకా, అప్‌డేట్ అయ్యాకా, కరెంటు పోయాకా?
2. అన్నీ నెమ్మదిగా ఉన్నాయా, ఒక్క ఆటేనా? ఒక్క ఆటే అయితే ఆ ఆటలోనో డ్రైవర్‌లోనో చూడాలి.
3. వెనకాల నడిచేవి మూసేయాలి. డిస్కులో కొంత ఖాళీ ఉంచాలి.
4. డబ్బా తెరిచే ముందు ప్లగ్ పీకాలి, పెద్దలు దగ్గర ఉండాలి.
5. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఏం మార్చామో నోటుపుస్తకంలో రాయాలి.
6. అన్నీ చూశాక కూడా కుదరకపోతే, ఆ ఆటకు మన యంత్రం శక్తి చాలదని ఒప్పుకోవాలి. నలభై కేజీల మూట పదేళ్ళ పిల్లవాడు మోయలేడు, అది పిల్లవాడి తప్పు కాదు.

ముగింపు

ఈ చరిత్ర అంతా చూస్తే నాకు ఒకటి అర్థమైంది. ఆట కంప్యూటర్‌ను చెడగొట్టడం చాలా అరుదు. మామూలుగా రాసుకునేటప్పుడు, చదువుకునేటప్పుడు కంప్యూటర్ కొంచెమే పనిచేస్తుంది. ఆట మాత్రం ప్రాసెసర్, మెమరీ, డిస్కు, బొమ్మల చిప్పు, కరెంటు అన్నింటినీ ఒకేసారి పనిలోకి దింపుతుంది. అప్పుడు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ బయటపడుతుంది. పడుగు బిగించి మగ్గం నడిపినప్పుడే కదా ఏ పోగు బలహీనమో తెలిసేది!

అమ్మానాన్నలకు నా మనవి ఒకటే. కంప్యూటర్ ఆగితే తిట్టడానికి ముందు ఒక్కసారి జాబర్ చూసినట్టు చూడండి. ఎంతసేపు ఆడాలి అన్నది వేరే సంగతి, దాన్ని మీరే చెప్పండి, మేం వింటాం. మిత్రులకు కూడా ఒక మాట. సాంచా చప్పుడు విని రోగం చెప్పగల పెద్దలు మన ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళు కంప్యూటర్ చదవకపోవచ్చు. కానీ వెతకడం, ఓపిక పట్టడం, ఒక్కో పోగూ చూసుకుంటూ పోవడం వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ విద్య వాళ్ళ దగ్గర నేర్చుకొని కంప్యూటర్ దగ్గర కూర్చుంటే, రేపు మనం ఆటలు ఆడేవాళ్ళమే కాదు, ఆగిన ఆటలను నడిపించేవాళ్ళం కూడా అవుతాం.